మాగిన ఆపిల్

విల్‌ఫ్రెడ్ బావగారికి,

మా పాప సిసిలీ జ్వరంతో పోయే ముందు పెరట్లో నాటిన గింజే ఆ ఆపిల్ చెట్టయింది. మీ తమ్ముడు దాన్ని బిడ్డలా సాకి, తొలి కాపుకు పాప పేరే పెట్టి ఊరి పళ్ళ పోటీకి తెచ్చారు. తీర్పరిగా మీరొకటి కొరికి ఉమ్మేశారు. “పందులు కూడా ముట్టవురా ఆంబ్రోస్, నీ సిసిలీని!” అన్నారు. ఊరంతా నవ్వింది.

ఆ సాయంత్రమే ఆయన చెట్టు నరికి, కొమ్మా రెమ్మా మిగలకుండా తగలబెట్టారు.

అటక మీద గడ్డిలో మిగిలిపోయిన కాయలు చలికాలమంతా మాగాయి. నిన్న కోసుకు తిన్నాం. తేనెలా ఉన్నాయి. ఆయన సగం ముక్క పళ్ళెంలో వదిలేసి, పెరట్లోకి వెళ్ళి ఆ చెట్టు మొద్దు మీద కూర్చున్నారు.

చివరి కాయ మీకే పంపుతున్నాను. గింజలు దాచుకోకండి. నాటినా ఆ రకం మళ్ళీ రాదు, కొమ్మ తెచ్చి అంటు కడితేనే వస్తుంది.

మీ మరదలు