అత్తకు పోయాల్సిన పాలు

అత్తిమంజేరిపేట,
సోమవారం

మా రాజామణి అక్కకు,

ఫోన్‌లో ఒక్క మాట మాట్లాడితే ఇల్లంతా వింటుంది. కాగితమైతే భయం లేదు. ఈ ఇంట్లో పిల్లలు తమిళమే చదువుతారు, మీ మరిది అదీ చదవడు. పక్కింటి ఆనంద్‌రాజ్ ఆవడికి వస్తుంటే అతని చేతికిస్తున్నాను.

పక్షవాతం వచ్చాక మా అత్త సెల్లమ్మకు మాట పోయింది, మింగడమూ పోయింది. కళ్ళు మూసుకుని మూలుగుతోంది. ప్రాణం పోవడం లేదని ఊళ్ళోవాళ్ళకు ఒకటే ఆరాటం. అత్త తమ్ముడు ఎలుమలై మామ వచ్చి, "ఏదో ఆశ పట్టుకోనుండాదమ్మా. అది తీరిస్తే పోతాది" అన్నాడు. బంగారం అరగదీసిన నీళ్ళతో పెదవులు తడిపాం. చేని మట్టి కలిపిన నీళ్ళూ అయ్యాయి. ఇక గురువారం ప్రాణం పోయేలా నోట్లో గ్లాసెడు పాలు పోయాలట, పెద్దకోడలిని కాబట్టి మొదట నేనట. మీ మరిదేమో, "మా యమ్మను పస్తు పండబెట్టేదా? తిరువళ్ళూరుకు ఎత్తకపొయ్యి ముక్కులో ట్యూబు పెట్టిస్తా" అని ఎగురుతున్నాడు.

నా సంగతి నీకు తెలుసుగా, ఏదైనా విప్పి చూడందే నిద్ర పట్టదు. టీవీలో వాదించుకుంటున్నారు, బాధపడే రోగిని డాక్టరే మందిచ్చి పంపేయవచ్చా అని. ఒకాయన దయ అంటాడు, ఇంకొకాయన హత్య అంటాడు. మరి మా గ్లాసెడు పాలు ఏ లెక్కలోకి వస్తాయి? ఇంకొకటి, నీకే చెబుతున్నాను. ఎత్తీ దించీ నా నడుం విరిగింది. ఆ గ్లాసు ఆమె కోసం ఎత్తుతానో నా కోసం ఎత్తుతానో తెలియక భయమేస్తోంది.

నీ చెల్లెలు,
పుష్పవల్లి


ఆవడి,
మంగళవారం

పుష్పా,

మింగలేని మనిషికి పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పేరేదైనా అది చంపడమే, నువ్వు పొయ్యొద్దు. డాక్టరు మందిచ్చి పంపడానికీ మన చట్టం ఒప్పుకోదు. ట్యూబు సంగతి వేరు, వద్దనే హక్కు ఆమెకుంది. పెట్టించడం మంచిదా, మానడం మంచిదా అంటే, ఇన్నేళ్ళు నర్సుగా చేసి కూడా నేను తేల్చుకోలేదు. ఆమెకు చెవి వినిపిస్తోందా? చెయ్యి బిగించగలదా? అది రాయనే లేదు నువ్వు.

అక్క


అత్తిమంజేరిపేట,
గురువారం

అక్కా,

నీ ప్రశ్న చదివి సిగ్గుపడ్డాను. ఇన్ని ఆశలు వెతికాం, ఆమెను అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు. మీ మరిదిని, మామను కూర్చోబెట్టి, అత్త చెవిలో చెప్పాను, "అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు నా చెయ్యి నొక్కు" అని. ముందు పరీక్ష పెట్టాను. "నీ పేరు బేబీనా?" రెండు. "సెల్లమ్మనా?" ఒకటి, గట్టిగా, కోపంగా. నాకు నవ్వొచ్చింది.

"పాలు పోసేదా అత్తా?" రెండు. మామ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ట్యూబు పెట్టిచ్చేదా?" రెండు. మీ మరిది నమ్మలేదు. తన చెయ్యి ఇచ్చి తనే అడిగాడు, "అమ్మా, ఆస్పత్రికి పోదామా?" రెండే. లేచి వెళ్ళి, తను నేసే మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఏడ్చాడు. తర్వాత తనే డాక్టరును పిలుచుకొచ్చాడు. ఆయన నొప్పికి సూది వేసి, రోజూ వచ్చి చూస్తానన్నాడు.

నేను మళ్ళీ చెయ్యి పట్టుకుని, "మరేం కావాల అత్తా? నేనీడనే కూచోనుండేదా?" అన్నాను. ఒక్కసారి నొక్కింది. నొక్కి, వదల్లేదు.

ఇప్పటికీ వదల్లేదు. ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

పుష్ప