బాత్రూమ్‌లో ఆరుతున్న విమానం

ఏమండీ,

అత్తయ్య బాత్రూమ్‌లో జారిపడ్డారు. తుంటి విరిగినట్టుంది. అంబులెన్సు వచ్చేసింది, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. మీరు ఫోన్ ఎత్తడం లేదు. పాలు ఫ్రిజ్‌లో పెట్టండి. బీరువా పైఅరలో ఆవిడ పాత ఎక్స్‌రేలు ఉంటాయి, అవి తీసుకుని వెంటనే రండి.

ఇంటికి రాగానే మీరు ముందు చూసుకునేది ఈ బొమ్మ విమానాన్నే కదా, అందుకే చీటీ దాని రెక్క కింద పెట్టాను. దానికేం కాలేదు, కంగారు పడకండి.

బాత్రూమ్ గోడకి పట్టుకునే కడ్డీ బిగించమని మీ అమ్మ ఎన్నిసార్లు అడిగారో! తీరిక లేదన్నారు. ఎప్పటి యుద్ధానిదో, ఎవరికీ పేరు కూడా తెలియని ఈ విమానానికి మాత్రం, మీరు కొన్న చవక విడిభాగాల కిట్టులో సీటు బెల్టులు రాలేదని భూతద్దం పెట్టుకుని, రేకు కత్తిరించి మరీ తయారుచేశారు. అందులో కూర్చునేవాడూ లేడు, పడేవాడూ లేడు. రంగు ఆరేలోగా దుమ్ము పడుతుందని బాత్రూమ్ అలమరలో పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని హుకుం కూడా జారీ చేశారు.

ఇంకోటి. పడేటప్పుడు అలమర ఆవిడ చేతికి అందిందట. పట్టుకుంటే ‘మావాడి విమానం’ కింద పడుతుందని చెయ్యి వెనక్కి తీసుకున్నారట. మీకు చెప్పొద్దన్నారు.