అక్క బైండింగు షాపూ, తమ్ముడి ఫిల్టరూ

ప్రియమైన బుడ్డోడికి,

పుస్తకాలు బైండు చేసేవాళ్ళ మెయిలింగ్ లిస్టులో చేరాను కదా, తల బొప్పి కడుతోంది. రోజుకి డెబ్భై మెయిళ్ళు. పురుగు పట్టకుండా మైదా బంకలో మైలుతుత్తం ఎంత కలపాలని ఒకాయన అడిగిన పాపానికి నాలుగు రోజులుగా కొట్టుకుంటున్నారు. ఆ గోలలో లైబ్రరీ వాళ్ళ ఆర్డరు నాకు కనపడనే లేదు.

అసలు సంగతి వేరే. కుడి బొటనవేలు మొండికేసింది. నెలాఖరులోగా పనిలో తోడు దొరక్కపోతే షాపు ఖాళీ చేస్తానని ఓనరుకి చెప్పేశాను. ఎవరైనా వస్తారేమోనని ఆ లిస్టులోనే అడిగాను. అంచేత మానెయ్యలేను, అన్నీ చదవనూ లేను. ఏదైనా ఉపాయం చెప్పు.

నీ అక్క

అక్కకి,

మానెయ్యకు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? నీ పాస్‌వర్డు మన పాత ఇంటి నంబరేగా, మార్చమంటే వినవు. ఇక్కణ్ణుంచే ఫిల్టరు పెట్టేశాను. సబ్జెక్టులో లిస్టు పేరున్న ప్రతి మెయిలూ ‘గుంపు’ అనే ఫోల్డరులోకి పోతుంది. సాయంత్రం టీ తాగుతూ ఓసారి తొంగి చూడు, చాలు. ఆఫీసులో ఇవే పెట్టి పెట్టి కళ్ళు మూసుకుని పెట్టేస్తాను.

వేలుకి కాపడం పెట్టు.

నీ బుడ్డోడు

ప్రియమైన బుడ్డోడికి,

నీ పుణ్యమా అని కడుపులో చల్ల కదలకుండా ఉన్నాను. రోజుకి నాలుగే మెయిళ్ళు, నాలుగూ పనికొచ్చేవే. గుంపులోకి రెండు రోజులు తొంగి చూశాను. మైలుతుత్తం గొడవ ఇంకా తెగలేదు, వదిలేశాను. తోడు వచ్చేవాళ్ళయితే ఫోనే చేస్తారుగా, నంబరిచ్చాను. మూడు వారాలైంది, ఒక్కరూ చెయ్యలేదు.

ముప్ఫయ్యో తారీకున తాళాలిచ్చేస్తాను. పుస్తకాలు నొక్కే ఇనప ప్రెస్సు నేనొక్కదాన్నీ కదపలేను, ఆ రోజు వస్తావా? నాకేం బాధ లేదని రాద్దామనుకున్నాను గానీ, ఉంది.

నీ అక్క

అక్కకి,

వస్తాను, ప్రెస్సు దింపి పెడతాను. నా ఉత్తరం అందాక కూడా ఒక్కరూ ఫోను చెయ్యలేదని రాశావే, అది గుచ్చుకుంది. ఇష్టం లేకపోతే వద్దురా అని ఒక్క ముక్క రాయాల్సింది.

నీకు చెప్పలేదు గానీ, ఏడాది కిందటే నేనూ ఆ లిస్టులో చేరాను. తోడు కావాలని నువ్వు పెట్టిన మెయిలుకే జవాబు కొట్టి, నీ ఒక్కదానికే పంపాను, ఆఫీసు మానేసి నేనొస్తానని. నువ్వా ఊసే ఎత్తలేదు. నేను పనికిరాననుకున్నావని అర్థమైంది.

తమ్ముడు

ఒరేయ్ నాన్నా,

నీ ఉత్తరం గుంపులో ఉంది, పదకొండు వందల మెయిళ్ళ కింద. నా మెయిలుకే జవాబు కొట్టావు కదా, సబ్జెక్టులో లిస్టు పేరు అలాగే ఉండిపోయింది. నువ్వు పెట్టిన ఫిల్టరు నిన్నే పట్టుకుపోయింది. కాస్త కళ్ళు తెరిచి పెట్టాల్సింది.

మూడుసార్లు చదివాను. వంటింటి బల్ల మీద తొమ్మిది నోటుపుస్తకాలు కుట్టావా? మూడింటికి వెన్ను వంకర పోయిందని సిగ్గెందుకు, నా మొదటి ఇరవై అలాంటివే. ఏడ్చాను కూడా, దాచను. ఆఫీసు ఉద్యోగం వదలొద్దని ఇన్నేళ్ళూ నీ వెంటపడింది నేనే. ఇప్పుడు వదిలేసి రమ్మనడానికి నోరు రాలేదు. నిన్ను అడగలేకే ఆ లిస్టులో ఆరువందల మందిని అడిగాను.

షాపు ఖాళీ చెయ్యనని ఓనరుకి చెప్పేశాను. ముప్ఫయ్యో తారీకున రా, ప్రెస్సు జోలికెళ్ళకు. వంకర పోయిన మూడూ తెచ్చుకో. ముందు వాటిని విప్పి కుడదాం.

నీ అక్క