ఎడమ దవడ మీద సుద్ద

ఆదివారం

మా అక్కకి,

లాండ్రీలో ఆవిరికి నీ దగ్గు మళ్ళీ తిరగబెట్టిందని బావ ఫోన్లో అన్నాడు. మందు మానకు. నీతో ఫోన్లోనే మాట్లాడొచ్చు కానీ ఈ సంగతి నోటితో చెప్పలేను. పైగా రాస్తే మధ్యలో నువ్వు అడ్డు తగలవు.

నా బాక్సింగ్ క్లాసు సంగతి నీకు తెలుసుగా. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి మూడు నెలలు కొట్టడం నేర్పను. దెబ్బ తినకుండా ఉండటమే నేర్పుతాను. గడ్డం దించి ఎడమ భుజం వెనక దాచుకోవాలి. చేతులు చెంపల దగ్గర, మోచేతులు డొక్కలకి ఆనించి ఉండాలి. వచ్చే గుద్దుని అరచేత్తో పక్కకి తోసెయ్యాలి, లేదా తల అంగుళం జరపాలి, రెండూ కుదరకపోతే ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. తప్పుకోవడం కూడా విద్యేనంటే పిల్లలు నవ్వుతారు. "ఆ మాస్టారి దగ్గర చేరితే మనం ఎవర్నీ కొట్టలేం గానీ, మనల్నీ ఎవరూ కొట్టలేరు" అని ఊళ్ళో అనుకుంటారు. ఆ మాట విని మురిసిపోయేవాణ్ణి అక్కా.

పదిహేను రోజుల కింద బన్ను రింగులో పడిపోయింది. బన్నంటే బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసే అమ్మాయి. క్లాసులో ఉన్న ఇరవై రెండు మందిలో అందరికంటే శ్రద్ధ గలది. తనకది మొదటి పోటీ. రెండో రౌండులో అవతలి అమ్మాయి కుడి చెయ్యి సూటిగా వచ్చి ఎడమ దవడ మీద పడింది. మరీ పెద్ద దెబ్బేం కాదు. గడ్డం ఉండాల్సిన చోట ఉంటే భుజానికి తగిలి పోయేది. దవడ రెండు చోట్ల విరిగింది. పడటంలో తల నేలకి కొట్టుకుని రెండు రోజులు కళ్ళు తెరవలేదు. ఇప్పుడు తెరిచింది కానీ ఎడమ చెవి వినపడటం లేదు.

ఆసుపత్రి వరండాలో వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చింది. బడిలో ఆయాగా చేస్తుంది. తిడుతుందనుకుని తల వంచుకున్నాను. "మా పిల్ల మీరు చెప్పినట్టు చెయ్యలేదు మాస్టారూ. గడ్డం దాచుకోమని మీరెన్నిసార్లు చెప్పుంటారు. మీకు చెడ్డపేరు తెచ్చింది, ఏమనుకోకండి" అంది. నేను "పర్లేదమ్మా" అన్నాను.

అక్కా, ఆ పిల్ల నేను చెప్పినట్టు చెయ్యలేదు, నిజమే. నేను చేసినట్టు చేసింది.

నా కుడి కంటి చూపు పోయి ఆరేళ్ళయింది. నేను ఆడిన ఆఖరి పోటీలో పోయింది. ఎవరికీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు. ఈ క్లబ్బులో కోచ్ ఉద్యోగంలో చేరేటప్పుడు కళ్ళ పరీక్షకి గోడ మీది అక్షరాలు ముందే బట్టీ పట్టి గట్టెక్కాను. ఎదుటి మనిషి సరిగ్గా కనపడాలంటే నేను తల కొంచెం కుడికి తిప్పి నిలబడాలి. అలా తిప్పితే గడ్డం భుజం చాటు నుంచి బయటికొచ్చి, ఎడమ దవడ ఇదిగో కొట్టమన్నట్టు ఉంటుంది. బన్ను పడిన రోజు రిఫరీ నన్ను ఆపి, "మీ పిల్లలందరూ ఎవరో పిలిచినట్టు పక్కకి చూస్తారేమిటండీ" అన్నాడు. మర్నాడు మిగిలిన ఇరవై ఒక్కమందినీ అద్దం ముందు వరసగా నిలబెట్టాను. అన్ని తలలూ ఒకే కొలతలో కుడికి తిరిగి ఉన్నాయి. వాళ్ళందరికీ రెండు కళ్ళూ ఉన్నాయి అక్కా.

నెలాఖరుకి వీళ్ళలో పదకొండు మంది పోటీకి వెళ్ళాలి. నన్నేం చెయ్యమంటావు?

నీ తమ్ముడు


బుధవారం

నన్ను తిట్టే హక్కున్న అక్కకి,

నీ ఉత్తరం పోయిన శుక్రవారం అందింది. పేజీ నిండా తిట్టి, చివర "కన్ను ఎటూ పోయింది, కూడు కూడా పోగొట్టుకోకు. నోరు మూసుకుని ఆ పిల్లల తలలు సరిచెయ్యి" అన్నావు. తిట్లు న్యాయమే. ఆరేళ్ళు నీ దగ్గర దాచినందుకు ఇంకో పేజీ తిట్టినా పడతాను. నువ్వు చెప్పినట్టే చేసి చూశాను.

తువ్వాలు మడిచి గడ్డానికీ భుజానికీ మధ్య పెట్టించాను. అది ఉన్నంతసేపు తల నిలబడుతుంది, తీసెయ్యగానే కుడికి పోతుంది. గ్లవ్స్‌కి సుద్దపొడి రాసి, ఇద్దరిద్దర్ని నిలబెట్టి మెల్లగా తాకించమన్నాను. ఎక్కడ తగిలిందో మరక చెబుతుందని. పది నిమిషాలకి అందరి ఎడమ దవడలూ తెల్లబడ్డాయి. "సబ్బు పూసుకుని గడ్డం గీసుకోవడం మర్చిపోయావురా" అని వాళ్ళలో వాళ్ళు నవ్వుకున్నారు.

"తల తిప్పకండ్రా" అని అరుస్తాను. ఎలాగో చూద్దామని అందరూ నా వైపే చూస్తారు. నిలబడి చూపిస్తాను. చూపిస్తుండగానే నా తల నాకు తెలియకుండా తిరిగిపోతుంది. బలవంతాన ఆపుకుంటే వచ్చే చెయ్యి కనపడక ఉలిక్కిపడతాను. ఆ ఉలికిపాటు కూడా నేర్చేసుకుంటారేమోనని ఇంకో భయం. నా నోరు చెప్పేదొకటి, ఒళ్ళు చెప్పేదొకటి. వాళ్ళు ఒంటి మాటే వింటున్నారు.

ఇక దాచడం నా వల్ల కాదు. పోటీకి ఇచ్చిన పదకొండు పేర్లూ ఈ పొద్దున వెనక్కి తీసుకున్నాను. రేపు ఆసుపత్రికి వెళ్ళి ముందు బన్ను వాళ్ళమ్మకి చెబుతాను, తర్వాత క్లబ్బు మేనేజరుకి. ఉద్యోగం నిలుస్తుందనే ఆశ లేదు. పోతే మీ లాండ్రీలో దుప్పట్లు మడతపెడతాను, దానికి ఒక కన్ను చాలు. వాళ్ళమ్మ నాతో అన్న ఆ "ఏమనుకోకండి" ఉంది చూడు, నన్ను తినేస్తున్నది అదే. ఇంకొకరి కంచంలో అన్నం తినేసినట్టుంది.

కోప్పడకు.

నీ తమ్ముడు


శనివారం

మాస్టారికి,

దవడకి తీగలు చుట్టారు, మాట్లాడలేను. అందుకని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతున్నాయి. కొన్ని మాటలు గుర్తుకు రావడానికి చాలాసేపు పడుతోంది.

గురువారం మీరు అమ్మతో మాట్లాడుతున్నప్పుడు నేను నిద్రపోవడం లేదు. వినపడే చెవి మీ వైపే ఉంది. అమ్మ మిమ్మల్ని తిట్టలేదు. "ఆ రోజు మీతో అన్న మాట నాకు తిరిగిచ్చెయ్యండి" అంది. మీరు "ఇచ్చేశానమ్మా" అన్నారు. మీరు వెళ్ళాక మీరు తెచ్చిన పళ్ళు పక్క మంచం వాళ్ళకి ఇచ్చేసింది. నేనెలాగూ నమల్లేను.

మీకు తెలియని సంగతి ఒకటుంది. మీకు కుడి కన్ను కనపడదని మాకు తెలుసు. చేరిన మొదటి నెలలోనే తెలిసింది. మీ కుడి పక్కన నీళ్ళ సీసా పెడితే ప్రతిసారీ తన్నేసేవారు. కొత్తగా ఎవరు చేరినా మేం ముందే చెప్పేవాళ్ళం, మాస్టారి కుడివైపు నుంచి రాకండి, రావాల్సివస్తే దగ్గుతూ రండి అని. మేనేజరు వస్తే నేను మీ కుడి పక్కకి చేరి "మేనేజరు గారొచ్చారు" అని గట్టిగా అనేదాన్ని. మీ పరువు కాపాడుతున్నామని మాకు పెద్ద గొప్ప. కానీ మీరు తల తిప్పేది ఆ కంటి వల్లేనని ఒక్కరికీ తట్టలేదు. అది మీ విద్యనుకున్నాం. డ్యూటీ దిగాక బేకరీ అద్దం ముందు నిలబడి, అచ్చం మీలా వచ్చేదాకా అదే సాధన చేశాను.

మీరు ఒక్కసారి "నాకిటు కనపడదర్రా" అని ఉంటే, ఇరవై రెండు మందిలో ఎవరో ఒకరు "అయితే తల తిప్పడం మనకెందుకు" అనేవాళ్ళు. మేమైనా "మాకు తెలుసు మాస్టారూ" అనాల్సింది. మీరు మా దగ్గర దాచారు, మేం మీ దగ్గర దాచాం, దెబ్బ నేను తిన్నాను.

మిమ్మల్ని క్షమించానని రాయలేను. రెండుసార్లు రాసి కొట్టేశాను. చెవిలో ఈ హోరు తగ్గాక చూద్దాం. ఇక రింగ్ ఎక్కొద్దని డాక్టరు చెప్పేసింది.

నిన్న మనవాళ్ళంతా చూడటానికొచ్చారు. మేనేజరు మీ సంగతి ఇంకా తేల్చలేదన్నారు. మంచం పక్కన వాళ్ళని వరసగా నిలబడమని సైగ చేశాను. తలలు ఇంకా కుడికే ఉన్నాయి. అప్పుడు నేను లేచి వాళ్ళ ఎదురుగా నిలబడ్డాను. తల కుడికి తిప్పితే దవడ లాగేస్తుంది కాబట్టి తిప్పలేను. గడ్డం భుజం వెనక పెట్టుకుంటేనే నొప్పి తక్కువ. వాళ్ళు నన్ను చూసి నిలబడ్డారు. అందరూ సరిగ్గా నిలబడ్డారు మాస్టారూ.

నెలలో ఇంటికి పంపిస్తారట. మేనేజరు మిమ్మల్ని ఉంచితే, మీరు నోటితో చెప్పండి, ఎదురుగా నేను నిలబడతాను. ఇక మీదట మీ కుడివైపు నుంచి ఎవరూ దగ్గుతూ రారు. పేరు చెప్పి వస్తారు.

మీరు బన్ను అని పిలిచే మనిషి