పచ్చ లైటు ఇల్లు

మే 4
కరెంటాఫీసు వాళ్ళు హాల్లో గోడకి చిన్న పెట్టె బిగించి వెళ్ళారు. కరెంటు తక్కువ కాలితే పచ్చ లైటు, ఎక్కువైతే ఎర్ర లైటు. వీధిలో కొన్ని ఇళ్ళకి ఉచితంగా ఇచ్చారట. మా అబ్బాయి సంబరం చూడాలి — గీజరు వేసి చూశాడు, ఇస్త్రీపెట్టె పెట్టి చూశాడు. మంచిదేలే. ఏసీ వేసుకుని దుప్పటి కప్పుకునే ఇల్లు ఇది.

మే 9
ఏసీ కట్టేశారు. గీజరు కట్టేశారు. ఎర్ర లైటు ఎంతకి వెలగాలో ఫోన్లో రోజూ కాస్త కాస్త తగ్గిస్తున్నాడు వీడు. ఇప్పుడు ఎర్రబడేది ఒక్కదానికే... నా ఆక్సిజన్ మిషన్‌కి.

మే 10
ఎవరూ ఒక్క మాట అనరు. అదే నా మంట. గొట్టం ముక్కుకి పెట్టుకోగానే కోడలు వచ్చి పెట్టె మీద తువ్వాలు కప్పింది. "మీరు చూసి బాధపడతారనండీ, అత్తయ్యగారూ..." ఎంత మర్యాదో! తిట్టినా బాగుండేది.

మే 13
ఉంగుటూరులో కాపురం గుర్తొస్తోంది. గ్యాసు దండగన్నారు మావగారు. ఊక పొయ్యి మీదే ఇంటిల్లిపాదికీ వండాను, కళ్ళు మండుతుంటే. ఆ పొగే ఊపిరితిత్తులు తినేసిందన్నారు డాక్టరుగారు. ఈ ఇంటికి పొదుపు కొత్తా? అప్పుడూ నా ఊపిరితోనే చేశారు.

మే 14
వడగాడ్పు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు మిషన్ ఆపి చూశాను. ఆయాసం... అయినా పచ్చ లైటు వెలిగితే సంతోషం వేసింది. ఛీ, నాదీ ఒక మనసేనా.

మే 18
కరెంటు పొదుపులో తాడేపల్లిగూడెం మొత్తానికి మా ఇల్లే ఫస్టట. ఆదివారం ఏలూరు నుంచి ఆఫీసర్లు వచ్చి ఫొటో తీస్తారట. కోడలు కర్టెన్లన్నీ చేత్తో ఉతికింది. నడుం పట్టేసింది పిల్లకి. జాలేసింది కూడా.

మే 20
అబ్బాయి వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. కాళ్ళు ఒత్తాడు. ఎన్నాళ్ళయిందో.
"అమ్మా... మిషన్ లేకుండా ఎంతసేపు ఉండగలవు?"
డాక్టరుగారు అసలు తీయొద్దన్నారని వీడికి తెలుసు. పక్కనే నిలబడి విన్నాడు.
కోపం నెత్తికెక్కింది. నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది. "ఆ ఆఫీసర్లు ఎంతసేపుంటారు నాన్నా?"
"కనుక్కుంటానమ్మా" అని లేచాడు. వరండాలో ఫోన్ మాట్లాడుతున్నాడు. "లేదండీ, ఇబ్బందేం లేదండీ, మీకు వీలైనంతసేపు..."