ఎవరూ లేరు కదండీ

అక్కకి,

ఫోన్‌లో చెబుదామని మూడుసార్లు చేశాను. మూడుసార్లూ "ఏం లేదు, ఊరికే చేశా" అని పెట్టేశాను. నాకు మాటలు కరువయ్యే రోజొస్తుందని నువ్వు కలలో కూడా అనుకుని ఉండవు. అందుకే ఈ ఉత్తరం. కోపమొస్తే చింపెయ్, కానీ చివరిదాకా చదివాకే చింపు.

నా ఉద్యోగం సంగతి నీకు తెలుసు. ఇంటింటికీ వెళ్ళి ఎంతమంది ఉంటున్నారు, ఏ నీళ్ళు తాగుతున్నారు, పిల్లలెందరు అని అడిగి సర్వే ఫారాలు నింపడం. అందులో తల్లులని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "పుట్టాక చనిపోయిన పిల్లలున్నారా? ఒక్కసారి ఏడ్చి, కాసేపే బతికిన బిడ్డయినా సరే?" శిక్షణలో దీన్ని ఉన్నదున్నట్టు చదవమన్నారు. చదివాక, వాళ్ళు తలుచుకుని చెప్పేదాకా నోరు మూసుకుని కూర్చోమన్నారు.

నేను కూర్చోలేదక్కా. అసలు అలా చదవనే లేదు. "చనిపోయినవాళ్ళెవరూ లేరు కదండీ?" అని గబగబా అనేసి, వాళ్ళు జవాబు చెప్పకముందే సున్నా చుట్టడం మొదలుపెట్టేదాన్ని. అలా అడిగితే ఎవరు మాత్రం ఉన్నారంటారు? "లేరమ్మా" అనేవాళ్ళు. కొందరు పక్కకి చూసేవాళ్ళు. వాళ్ళకీ సున్నాయే రాశాను.

ఇటుక బట్టీల వెనకున్న రేకుల ఇళ్ళు నా వంతు. నూట నలభై ఇళ్ళు. అందరికంటే ముందు పూర్తిచేశానని చంకలు గుద్దుకున్నాను. మొన్న మా సూపర్‌వైజరు, మేమంతా చాటుగా 'భూతద్దం' అనుకునే మనిషి, నా ఫారాలు ముందేసుకుని పిలిచాడు. "ఏమ్మా, నీ వీధుల్లోకి చావు అడుగే పెట్టదా? అన్ని ఇళ్ళల్లో ఒక్క పసిబిడ్డ కూడా పోలేదటగా! మా కోడల్ని పురిటికి అక్కడికే పంపిస్తాలే" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అందరూ వెళ్ళాక గొంతు తగ్గించాడు. "నెలాఖరుకి ఇవన్నీ పై ఆఫీసుకి వెళ్తాయి. ఈ అంకెలని బట్టే నర్సుని ఎక్కడ వెయ్యాలో తేలుస్తారు. ఇవిలాగే వెళ్తే ఆ బట్టీల వెనక్కి నర్సు రాదు. చెప్పాల్సిందేమైనా ఉంటే ఈలోపే చెప్పు" అన్నాడు. తప్పుడు ఫారాలు నింపారని పోయిన నెలలో ఇద్దరిని తీసేసింది కూడా ఆయనే.

ఈ పాడు అలవాటు ఎక్కడ మొదలైందో నీకు చెప్పుకోవాలి. శిక్షణ అయ్యాక, ఎవరైనా తెలిసినవాళ్ళని ప్రశ్నలడిగి సాధన చేసి రమ్మన్నారు. నీ దగ్గరికొచ్చాను. నువ్వు వంకాయలు తరుగుతున్నావు. ఆ ప్రశ్న దగ్గరికొచ్చేసరికి నాకు అమ్మ మాట గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట నువ్వు ఆసుపత్రి నుంచి ఖాళీ చేతులతో దిగినప్పుడు అమ్మ మా అందరినీ పక్కకి పిలిచి, "దాని దగ్గర ఆ ఊసెత్తకండి" అంది. ఎవరమూ ఎత్తలేదు. అందుకే "ఎవరూ లేరు కదక్కా" అనేసి, నువ్వు తలెత్తేలోపే పేజీ తిప్పేశాను. నీకు నొప్పి తప్పించానని సంబరపడ్డాను కూడా. ఆ తర్వాత ప్రతి గుమ్మంలోనూ నువ్వే కనిపించావు.

నిజం చెబితే ఉద్యోగం పోతుంది. పోకపోతే, ఆ గుమ్మాలన్నీ మళ్ళీ ఎక్కి అందరి పుండూ కెలకాలి. చెప్పకపోతే నర్సు రాదు. ఏం చెయ్యమంటావు? నువ్వేమంటే అదే చేస్తాను.

నీ వసపిట్ట

*

వసపిట్టా,

నీ ఉత్తరం చింపలేదు. మీ బావకి కూడా ఇచ్చాను. చదివి, పెరట్లోకి వెళ్ళి నిలబడ్డారు.

నాకు నొప్పి తప్పించావా? ఆ రోజు నువ్వు కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళినప్పుడు నీ ఫారం తిరగేశానే. ఆ ప్రశ్న నా కళ్ళబడింది. ఇన్నాళ్ళకి నన్ను ఒకళ్ళు అడగబోతున్నారు అనుకున్నాను. వంకాయలు తరుగుతూ జవాబు సిద్ధం చేసుకుంటున్నాను. నువ్వేమో పేజీ తిప్పేశావు. నీ మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. నువ్వెళ్ళాక తలుపేసుకుని ఏడ్చాను.

అమ్మ మంచికే చెప్పింది, కాదనను. కానీ మీరంతా అలా నోళ్ళు కట్టేసుకుంటే, అసలు వాడు పుట్టాడా, నేనే ఊహించుకున్నానా అనిపించేది. పదకొండు రోజులున్నాడు. ఎడమ చెవి కాస్త మడతపడి ఉండేది. పాలు తాగుతూ నా వేలు పట్టుకుంటే వదిలేవాడు కాదు. ఇవన్నీ ఎవరికి చెప్పుకోను?

పక్కకి చూసినవాళ్ళకి సున్నా రాశావు చూడు, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళు. అందరూ చెబుతారని నేననను. ఒకరిద్దరు తలుపు మొహానే వేస్తారు. వెయ్యనీ. రేపే భూతద్దానికి అంతా చెప్పెయ్. తీసేస్తానంటే, తీసేసేముందు ఆ ఇళ్ళు తిరగడానికి వారం రోజులు గడువడుగు. ఉద్యోగం పోతే మా ఇంటికొచ్చి నా బుర్ర తిను, నాకేం బెంగ లేదు.

ఇంకో సంగతి. నీ ఫారంలో బిడ్డ పేరు రాయడానికి ఒక గడి ఉంది. పేరు పెట్టకముందే పోతే 'బిడ్డ' అని రాయమని కింద ఉంది. మీకెవరికీ తెలీదు కానీ, వాడికి మేము పేరు పెట్టుకున్నాం. ఇంటికొచ్చాక నేనూ పైకి అనలేదు, ఆయనా అనలేదు. మొన్న పెరట్లోంచి లోపలికొచ్చి, నా పక్కన కూర్చుని, మీ బావ ఆ పేరు అన్నారు. ఇన్నేళ్ళూ నేను మర్చిపోయాననుకున్నారట.

మీ అక్క