కూర్చున్న కొలత

సాలూరు

గౌరవనీయులైన ధనలక్ష్మి గారికి,

నమస్కారములు. నేను మీ స్నేహితురాలు తవిటమ్మకు అన్నను. ఈ నెలంతా మీరు ఆమెకు ఫోను చేస్తూనే ఉన్నారు. ఎత్తి జవాబు చెప్పే ధైర్యం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆరేళ్లుగా ఫోనులోనే మాట్లాడుకున్న మిమ్మల్ని గరివిడిలోని మీ ఇంట్లో ఆమెకు చూపించాలని పాత వ్యాను కొని, మీలాగే ఆమె కూడా వాడే చక్రాల కుర్చీ ఎక్కేలా వెనుక వాలుపలక అమర్చాను. నేను లారీ బాడీలు కట్టే మేస్త్రీని. రాత్రి బడిలో చదివి పట్టా పొందినవాడిని. నా కొలత తప్పదని గర్వం. సరుకును కొలిచే అలవాటు కొద్దీ ఖాళీ కుర్చీనే కొలిచాను. ఎక్కించి చూస్తే ఆమె తల పైకప్పుకు తగిలింది.

"అన్నియ్యా, నానేటి బస్తానా? కుర్సీని కొలిసి నన్నొగ్గీసినావు!" అని ఫక్కున నవ్వింది. "పర్లేదులే, తల వొంచుకుని కూకుంటాను. రేపే ఎల్దాం."

నేను ఒప్పుకోలేదు. నా చేతి పని అలా రోడ్డెక్కకూడదన్నాను. పైకప్పు విప్పి ఎత్తు పెంచుతుండగా పదో రోజున ఆమె జ్వరంతో కాలం చేసింది. మిగిలిన పని పెద్దకర్మ అయ్యాక ముగించాను. మీ దగ్గరికి వస్తానన్న మాట ఆమె తప్పలేదు, నేను ఆపాను.

మీరు అనుమతిస్తే వ్యానుతో వచ్చి, మీరు చూడాలనుకున్న చోటికి తీసుకువెళతాను. దయచేసి ఒక్క కొలత పంపండి. కుర్చీది వద్దు. మీరు అందులో తల నిటారుగా పెట్టి కూర్చున్నప్పుడు, నేల నుండి నడినెత్తి వరకు.

ఇట్లు,
తవిటమ్మ అన్న